మేమే ముట్టించిన గది

మంటలార్పే బండి మీద పనిచేశానని తెలిస్తే చాలు, మహారాష్ట్ర అంచున మా సిరోంచలో ఏ పెళ్లి పందిట్లో కూర్చున్నా ఎవరో ఒకరు దగ్గరికి జరిగి అడుగుతారు. "నువ్వు జూసిన అన్నిట్ల పెద్ద మంట ఏది?" నేను ఏ పత్తి మిల్లో, ఏ పెట్రోలు బంకో చెబుతానని ఎదురుచూస్తారు. నిజం చెబితే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన మంట ఒక పాత స్టోరు గదిలోది. పట్టపగలు, అందరికీ ముందే చెప్పి, ముప్పై మంది పిల్లలు చూస్తుండగా నేనే అగ్గిపుల్ల గీసి పెట్టింది.

పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. ఈ మధ్య మా వైపు అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఫైర్ కోర్సులో చేరాలనుకుంటున్నామని ఫోన్ చేసి, పని ఎలా ఉంటుందక్కా అని అడిగారు. ఫోనులో చెప్పేది కాదు కాబట్టి పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. ఇప్పటికే రెండుసార్లు లేచి గ్యాస్ రెగ్యులేటరు చూసి వచ్చాను. ఈ పనిలోకి వస్తే మీకూ ఈ జబ్బు అంటుకుంటుంది, ముందే చెబుతున్నాను.

డిగ్రీ అయ్యాక నాగపూర్‌లో ఆరు నెలల కోర్సు చేసి, కాంట్రాక్టు మీద ఆ ఉద్యోగంలో చేరాను. మా బండికి పై అధికారిగా ఒక సాహెబు, ఒక డ్రైవరు, నేను, ఇంకో ఇద్దరు. సాహెబుది వర్ధా వైపు. మరాఠీ తప్ప మరో భాష ఆయన నోటికి తిరిగేది కాదు. ఇక్కడ ఆయన మాటలు తెలుగులో రాస్తున్నానంటే అది నా అనువాదమే. డ్రైవరుది సిరోంచే. యాభై దాటినవాడు. తెలుగులోనూ మరాఠీలోనూ చెల్లే పిలుపు కాబట్టి అందరం ఆయన్ని 'కాకా' అనేవాళ్లం. మొదటి ఏడాదిలో నేను చూసిన మంటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు గడ్డివాములు, ఒక ట్రాన్స్‌ఫార్మరు. మిగతావన్నీ బావిలో పడ్డ బర్రెలు, ఇంట్లో దూరిన పాములు. "మనది ఫైర్ బండి గాదు బిడ్డా, పాముల బండి," అనేవాడు కాకా.

ఆ ఏడు ఎండలు ముదరకముందే హాస్టళ్లన్నింటికీ వెళ్లి పిల్లలకు అగ్గి గురించి చెప్పాలని పైనుంచి ఆదేశం వచ్చింది. సాహెబు ఉత్సాహంగా బొమ్మల చార్టు ఒకటి తయారుచేయించాడు. గదిలో మంట ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, పొగ ఎటు పోతుంది, అన్నీ రంగుల్లో. మొదటి హాస్టల్లో పిల్లలు ఆ చార్టును అయిదు నిమిషాలు చూసి, తర్వాత కాకా మీసాలు చూడటం మొదలుపెట్టారు. తిరిగి వస్తుంటే బండిలో నేనే అన్నాను. "సార్, బొమ్మ గీసి కాదు, నిజంగా ఒక గది తగలబెట్టి చూపిద్దాం."

గమనించండి, ఆలోచన నాది. ఇకముందు వచ్చే తప్పులు కూడా చాలావరకు నావే.

బామ్ని ఊరు దాటాక లోపలికి ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. అక్కడి పిల్లల్లో సగం మందికి ఇంట్లో గోండి. ఆటల్లో, కొట్లాటల్లో అందరికీ తెలుగు. పుస్తకాల్లో మరాఠీ. ఆవరణ చివర కూల్చడానికి మంజూరైన పాత స్టోరు గది ఒకటి. దానికి ఆనుకుని సొరంగంలాంటి ఇరుకైన నడవ. నడవకు రెండు చివరలా బయటికి దారి. మధ్యలో ఒక తలుపు గదిలోకి. చూడగానే సాహెబు ముఖం వెలిగింది. గదిలో మంట పెట్టి కిటికీలోంచి పిల్లలకు చూపిస్తాం. ఆర్పేశాక నడవలో తడి గడ్డితో కొంచెం పొగ పెడతాం. పిల్లలు ఒక్కొక్కరే ఒక చివర దూరి, నేలమీద పాకుతూ రెండో చివర బయటికి వస్తారు. అదీ పథకం.

ముందురోజు నేనూ కాకా వెళ్లి గదిలో పాత మంచం, దూది పరుపు, కర్టెను పెట్టి, పరుపును పరీక్షగా అంటించి చూశాం. దూది పరుపు బీడీలాగా పొగ వదులుతూ గంటసేపు కూర్చుంది, మండలేదు. నాకు సిగ్గేసింది. అంతమంది పిల్లలను కూర్చోబెట్టి ఇదా చూపించేది? మా షెడ్డులో పాత జీపు సీటు ఉంది, అందులోని స్పాంజి తెమ్మని కాకాను పోరుపెట్టాను.

"ఇది దూది గాదు బిడ్డా," అన్నాడు కాకా దాన్ని దించుతూ. "పెట్రోలుకు సొంత చెల్లె. జర సోంచాయించు."

"పిల్లలకు కనబడాలి గద కాకా."

"కనబడుతది. వాళ్లకే గాదు, ఆష్టి దాకా కనబడుతది."

నేను నవ్వేసి స్పాంజి మంచం మీద పరిచాను. రెండో తప్పు ఇంకా చిన్నది. గదికీ నడవకూ మధ్య తలుపుకు గొళ్లెం ఊడిపోయి ఉంది. మూసిన తలుపు మంటను ఎంతసేపు ఆపుతుందో కోర్సులో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్న నేను, ఆ తలుపుకు నడవ వైపు ఒక ఇటుక అడ్డం పెట్టి చేతులు దులుపుకున్నాను.

మర్నాడు పొద్దున పిల్లలు వచ్చి తాడు వెనక కూర్చున్నారు. సాహెబు మరాఠీలో చెప్పడం, నేను తెలుగులోకి మార్చడం. నడవలో పాకే ఆట కోసం పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక వరుస కట్టించాం. అందరికన్నా ముందు మూడో తరగతి పిల్ల ఒకతె నిలబడింది. ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, బడి బ్యాగు కూడా వదలకుండా వీపున వేసుకుని వచ్చింది. ఆ పిల్లకే నేను వంగి చెప్పాను. "సార్ జెప్పంగనే నువ్వు మొదలు దూరాలె. వంగి, పాక్కుంట దూరాలె. సమజైందా?" ఆ పిల్ల తలూపింది. ఎంత గట్టిగా ఊపిందంటే రిబ్బన్లు కూడా ఊగాయి.

అగ్గిపుల్ల గీసి కర్టెను కొసకు పెట్టి బయటికి వచ్చాను. మొదట మంట చాలా మర్యాదగా ఉంది. గోడను ఆనుకుని నెమ్మదిగా పైకి ఎక్కింది. "చూడుండ్రి, పొగ ఎటు పోతుంది?" అంటే, "మీదికి!" అని పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. పొగ పైకప్పుకు తగిలి, పోవడానికి దారి లేక, తలకిందులుగా ఒలికిన నీళ్లలాగా కప్పు కింద నాలుగు వైపులా పరుచుకుంది. కింద గాలి ఇంకా తేటగానే ఉంది. పొగలో నిలబడకండి, నేలకు దగ్గరగా ఉండండి అని మేము చెప్పే పాఠమంతా ఆ కిటికీలో కనిపిస్తోంది. సాహెబు నా వైపు చూసి బొటనవేలు చూపించాడు. ఉద్యోగంలో చేరాక నాకు దొరికిన మొదటి మెప్పు అది. అరనిమిషం కూడా నిలవలేదు.

మంట స్పాంజిని అందుకుంది. తెల్లటి పొగ నల్లబడింది. కప్పు కింద పొర మందంగా మారి, మేం చూస్తుండగానే కిటికీ పైఅంచు దాకా దిగింది. ఆ నల్లటి పొగలో పసుపు నాలుకలు అటూ ఇటూ పరుగెత్తడం కనిపించింది. పుస్తకంలో చదివాను. గదిలోని వేడి అంతా కప్పు కింద పోగై, కిందున్న వస్తువులన్నీ కాలకముందే ఉడుకుతూ ఆవిరి వదులుతాయి. ఇక ఒక్క క్షణంలో గది మొత్తం ఒకేసారి అంటుకుంటుంది. పుస్తకంలో ఆ క్షణానికి ముందు ఒక పేజీ నిండా వివరణ ఉంది. గదిలో మాత్రం అంత తీరిక ఉండదు.

"కాకా, నీళ్లు!" అని అరిచి పైపు అందుకున్నాను. సరిగ్గా అప్పుడే ఇటుక జరిగి, మధ్య తలుపు నడవలోకి తెరుచుకుంది.

సాహెబు నడవ మొదట్లో, పిల్లల వరుస పక్కనే నిలబడి ఉన్నాడు. నడవ పైభాగంలో నల్లటి పొగ జరజరా పాకడం చూశాడు. ఆయన చేయవలసిందే చేశాడు. నడవ వైపు చెయ్యి చాచి, గొంతు చించుకుని హెచ్చరించాడు.

"ధూర్! ధూర్!"

మరాఠీలో ధూర్ అంటే పొగ. ముందు నిలబడ్డ పిల్ల ఆ చేతిని చూసింది, ఆ మాట విన్నది. సార్ చెప్పగానే దూరాలె. వంగింది, దూరింది.

వెనకున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. మొదటి ఆట మొదలైందని వాళ్ల సంబరం. ఆ చప్పట్లకే నేను తల తిప్పాను. సాహెబు కూడా అప్పుడే చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. ఆ పిల్లకు తెలియాలని, తన బలమంతా పెట్టి ఇంకోసారి అరిచాడు.

"ఆగ్! ఆగ్ ఆహే! ఆగ్!"

అగ్గి, అగ్గి ఉంది అని. నడవలో పాకుతున్న చప్పుడు ఆగిపోయింది. చప్పట్లు కొట్టే పిల్లలు కూడా ఎక్కడి చేతులు అక్కడే ఆపేశారు. ముప్పై మంది ఆడపిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆ హాస్టలు చరిత్రలో మొదటిసారి అయి ఉంటుంది.

ఆ నిశ్శబ్దంలోనే నాకు వెలిగింది. పదిహేనేళ్లు మరాఠీలో చదివినా కలలు తెలుగులోనే కనేదాన్ని. ఆయన అన్న రెండు మాటలూ నా చెవిలో ఒక్కసారిగా తెలుగులోకి తిరిగాయి. దూరు. ఆగు.

పైపు కాకా చేతిలో పడేసి పరుగెత్తాను. నడవ గుమ్మం దగ్గర బోర్లా పడుకుని చూస్తే, నేల నుంచి మూరెడు ఎత్తు వరకు గాలి ఇంకా తేటగానే ఉంది. ఆ సందులో రెండు చిన్న అరికాళ్లు కనిపించాయి. నాలుగు బారల దూరంలో, చేతుల మీదా మోకాళ్ల మీదా, చెప్పింది చెప్పినట్టు కదలకుండా ఉంది పిల్ల.

"ఎన్కకు రా! ఎన్కకు రా బిడ్డా!"

పొగలోంచి సన్నటి గొంతు వచ్చింది. "సార్ ఆగమన్నడు మేడం!"

"సార్ తప్పు జెప్పిండు! ఆగకు, రా!"

ఒక పై అధికారి గురించి ఆయన వింటుండగా నేను ఆ మాట అనడం అదే మొదలు. నేలకు కరుచుకుని లోపలికి పాకాను. పిల్ల వెనక్కి జరుగుతోంది గాని బ్యాగు నడవ గోడకు రాసుకుంటోంది. చెయ్యి చాచి మడమ దొరకబుచ్చుకుని లాగాను. మేమిద్దరం బయట మట్టిలో పడ్డామో లేదో, గదిలోంచి 'భుగ్' మని చప్పుడు వచ్చింది. కిటికీ నిండా మంట. కాకా ఒక్కడే పైపు పట్టుకుని, ముందు మధ్య తలుపు మీదికి, తర్వాత కప్పు మీదికి నీళ్లు కొట్టాడు. ఆయన తిట్టే తిట్లు పంపు మోతలో కలిసిపోవడం వల్ల పిల్లలకు వినబడలేదు. నాకు వినబడ్డాయి. స్పాంజి గురించే.

పిల్లకు మోకాళ్లు గీరుకుపోయాయి, ముక్కు కింద మసి మీసం. దగ్గింది, నీళ్లు తాగింది, మళ్లీ దగ్గింది. నేను ఆమె చేతులూ కాళ్లూ తడిమి చూస్తుంటే కోపంగా నా వైపు చూసి అంది.

"మీరే గదా మేడం దూరమంటిరి. ఇగ నడుమల ఆగమంటిరి. ఆగిన. మళ్ల ఎన్కకు రమ్మంటిరి. ఏదన్న ఒక్కటి జెప్పుండ్రి!"

ఆమెను మా ఎర్రబండిలోనే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాం. నర్సమ్మ గుండె, ఊపిరి చూసి, మోకాళ్లకు మందు రాసి, పిల్ల బాగానే ఉంది, ఈమెకే ఏదైనా ఇవ్వాలి అని నన్ను చూపించింది. తిరుగు ప్రయాణంలో పిల్ల ముందు సీట్లో కూర్చుని, సైరన్ మీటను దారి పొడుగునా కాకాతో నొక్కించింది. ఆ రోజు ఆ రోడ్డు మీది గొర్రెల కాపరులు మమ్మల్ని ఏమనుకున్నారో.

హాస్టలుకు చేరేసరికి సాహెబు మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అడిగాడు. "ఆ పిల్ల ఎందుకు లోపలికి పోయింది? నేను ఏం తప్పు చెప్పాను?"

చెప్పక తప్పలేదు. "సార్, మీరు ధూర్ అన్నారు. తెలుగులో దూరు అంటే లోపలికి పో అని."

"మరి ఆగ్ అంటే?"

"ఉన్నచోటే నిలబడు అని, సార్."

"అంటే... అంటే నేను ఆ పసిదాన్ని పొగలోకి పొమ్మని, అక్కడే నిలబడమని చెప్పానా?"

కాకా బండి తుడుస్తూనే అన్నాడు. "రంది వెట్టుకోకుండ్రి సాబ్. ఈ తాలూకాల మీరు జెప్పింది జెప్పినట్టు జేసిన మనిషి గా పిల్ల ఒక్కతే."

నేను దాన్ని మరాఠీలోకి మార్చాలా వద్దా అని తటపటాయించాను. మార్చాను. సాహెబు మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. భుజాలు కదిలాయి. నవ్వు. అది ఆపలేక, ఆపుకోవడం ఇష్టం లేక, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వాడు. ఆ తర్వాత నిజంగానే కాసేపు ఏడ్చాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు.

మరాఠీ బడిలో చదివే పిల్లలకు ధూర్ అంటే పొగ అని తెలియదా అని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. ముప్పై మందీ సరిగ్గానే చెప్పారు, ఒకతె స్పెల్లింగుతో సహా. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు తెలుసు. కానీ భయం వేసినప్పుడు చెవి పరుగెత్తి ఇంటి భాషలో దాక్కుంటుంది. ఆ ఒక్క సంగతి నా కోర్సు పుస్తకంలో లేదు. మంట ఎలా పెరుగుతుందో ఆరు నెలలు చదువుకున్నాను. మాట ఎలా పెరుగుతుందో, ఒక నోట్లో బయల్దేరి ఇంకో చెవిలో ఏమై చేరుతుందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో మా ఆయనది మరాఠీ, నాది తెలుగు. పాప రెండింటిలోనూ ముద్దుముద్దుగా మాటలు కలిపేస్తుంటే అందరూ మురిసిపోతారు. నేను మాత్రం, కంగారులో దీని చెవి ఎటు పరుగెడుతుందో అని చూస్తుంటాను.

రిపోర్టు రాసే దగ్గర ఇంకో రభస జరిగింది. సాహెబు తప్పంతా తనదేనని రాశాడు. నేను ఒప్పుకోలేదు. స్పాంజి నాది, ఇటుక నాది, 'సార్ జెప్పంగనే దూరాలె' అన్న మాట కూడా నాదే. నా పేరు కింద రాయమన్నాను. అధికారిని తానే కాబట్టి కుదరదన్నాడాయన. ఇద్దరం ఆ కాగితాన్ని చెరో వైపు పట్టుకుని లాగుతుంటే కాకా వచ్చాడు. "నా పేరు గూడ రాయుండ్రి సాబ్. సీటు నేనే తెస్తి గదా." చివరికి ముగ్గురికీ తలా ఒక మెమో వచ్చింది. కాకా తనదాన్ని సర్టిఫికెట్‌లాగా ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

అక్కడితో వదిలేస్తే బాగుండునని నాకు లోలోపల ఉండేది. సాహెబు వదల్లేదు. "ఆ పిల్లలకు మనం ఏం నేర్పాం? పొగ కనబడితే దూరమని, మంట కనబడితే ఆగమని. రేపు ఆ వంటగదిలో నిజంగా అంటుకుంటే, వంటమ్మ ఆష్టి వైపు మరాఠీ మనిషి, ఆమె కూడా ఆగ్ అనే అరుస్తుంది. అప్పుడు?" వారం తిరగకుండానే మళ్లీ బయల్దేరాం.

వార్డెనమ్మ గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది. "మళ్లొచ్చిండ్రా? ఈసారి ఏ గది గావాలె? నా ఆఫీసు గావాల్నా?" అగ్గిపెట్టెలన్నీ ఆమె చేతిలో పెట్టాకే లోపలికి రానిచ్చింది.

సాహెబు ఈసారి చార్టు తేలేదు. పిల్లల ముందు నేలమీద కూర్చుని, నా చేత అడిగించాడు. మీ ఇంట్లో అగ్గి అంటుకుంటే మీ అమ్మ ఏమని అరుస్తుంది? అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు. అంటుకున్నదని కొందరు, కాలుతున్నదని కొందరు. గోండి పిల్లలు వాళ్ల మాట చెప్పారు. ఒకతె మాత్రం, మా అమ్మ ముందుగాల మా నాయినను తిడుతది అంది. చివరికి అన్ని ఇళ్లలోనూ కలిసిన మాట ఒకటి తేలింది. ఉరుకుండ్రి.

సాహెబు దాన్ని నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. మా దగ్గర ఉరక్ అంటే పని తొందరగా కానివ్వమని, అన్నాడు సంతోషంగా. ఏ చెవిలో పడ్డా పిల్లలను నిలబెట్టని మాట. ఇక ఆ హాస్టల్లో, వంటమ్మతో సహా, ఎవరు మంట చూసినా పొగ చూసినా అరవాల్సింది అదే అని తీర్మానం అయింది. వంటమ్మ చేత పదిసార్లు అరిపించారు పిల్లలు.

అప్పుడు నేను భయపడుతున్న ఘట్టం వచ్చింది. నడవలో మళ్లీ సాధన చేయాలి. ఎర్ర రిబ్బన్ల పిల్ల తల అడ్డంగా ఊపింది. "నేను దూర." బుజ్జగించాను. వినలేదు. "సార్ ఇంకేమన్న అంటడు."

ఆమె మాట నేను చెప్పకుండానే సాహెబుకు అర్థమైనట్టుంది. టోపీ తీసి నా చేతికిచ్చాడు. పెద్ద పొట్ట ఆయనది. వంగి, ఆయాసపడుతూ నడవలోకి తానే పాక్కుంటూ పోయాడు. సగం దాకా వెళ్లి చతికిలబడి, లోపలి నుంచి అరిచాడు. ఈసారి ఆమె చెప్పాలి, నేను వింటాను అని.

పిల్ల నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లి, బ్యాగు సర్దుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉరుకుండ్రీ!"

నడవలోంచి పెద్ద చప్పుడు. మోకాళ్ల మీద ఒక్క ఉదుటున పాకుతూ వచ్చాడు సాహెబు. గుమ్మం దగ్గర లేవబోయి తడబడ్డాడు, చొక్కా గుండీ ఒకటి తెగి ఎగిరిపడింది, ఒంటి నిండా పాత మసి. అక్కడ ఆగలేదు. తాడు దాటి, పిల్లలను దాటి, వేపచెట్టు దాకా ఉరికాడు. ముప్పై మందీ విరగబడి నవ్వారు. వార్డెనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్ల నవ్వలేదు. పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత బ్యాగు విప్పి నా చేతికిచ్చింది.

"సార్‌కు సమజైంది మేడం," అని, వంగి, తనంతట తానే లోపలికి దూరింది.